పాజ్ బటన్ లేని రిమోట్

పాత వీడియో గేముల మీద ఈ మధ్య తెలుగులోనూ ఒక జ్ఞాపక సాహిత్యం తయారవుతోంది. వేసవి సెలవులు, కరెంటు కోతలు, టీవీకి తగిలించిన గేమ్ పెట్టె, మారియో, కాంట్రా. రాసేవాళ్లలో ఎక్కువమంది ముప్పై, నలభై ఏళ్ల మగవాళ్లు. ఆ ఆటలు అమాయకంగా ఉండేవనీ, వాటిలో నిజమైన నేర్పు కావలసి వచ్చేదనీ, ఇప్పుడు ఆడవాళ్లు ఫోన్లో ఆడేవి అసలు ఆటలే కావనీ వాటి సారాంశం. 2016లో నింటెండో తన పాత యంత్రాన్నే బుల్లి రూపంలో మళ్లీ విడుదల చేస్తే జనం ఎగబడి కొన్నారు. జ్ఞాపకం కూడా సరుకే అని మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. నా పేచీ దానితో కాదు. ఈ జ్ఞాపకాల్లో అక్కచెల్లెళ్లు ఎక్కడ కూర్చున్నారు? ఆ ప్రశ్న వేసుకుంటూ వెళ్తే పాత ఆటల గొప్పతనం గురించి చాలామందికి రుచించని అభిప్రాయాలకే చేరతాం. నేను చేరాను.

ఏలూరు, తాడేపల్లిగూడెం లాంటి ఊళ్లలో తొంభైల్లోనూ ఆ తర్వాత కొన్నేళ్లపాటూ మేం చూసినవి అసలు నింటెండోలు కావు. 1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్ అనే యంత్రానికి నకళ్లు. సమురాయ్, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో అమ్మేవారు. కన్సోల్ అన్న మాట మాకు తెలియదు. పెట్టె, క్యాసెట్, ఆట అన్నీ కలిపి 'వీడియో గేమే'. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉండేది. లోపల పదో ఇరవయ్యో ఆటలు పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి.

ఆ ఫామికామ్‌లో ఒక విచిత్రం ఉంది. దానికి రెండు రిమోట్లు. మొదటిదానికి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉంటాయి. రెండోదానికి అవి లేవు, వాటి బదులు చిన్న మైకు పెట్టారు. నకళ్ల దగ్గరికి వచ్చేసరికి మైకు పోయింది, బటన్లు లేకపోవడం మాత్రం చాలావాటిలో అలాగే మిగిలింది. ఆటను మొదలుపెట్టేదీ, మధ్యలో నిలిపేదీ ఆ స్టార్ట్ బటనే. అంటే రెండో రిమోట్ పట్టుకున్న మనిషి ఆట మొదలుపెట్టలేదు, ఏ ఆట ఆడాలో ఎంచుకోలేదు, కాసేపు ఆపమని యంత్రానికి చెప్పలేదు. మారియోలో అయితే మొదటివాడు చచ్చిపోయే దాకా రెండో మనిషికి వంతే రాదు. వాడు బాగా ఆడితే ఈమె కూర్చుని చూడాలి. యంత్రాన్ని రూపొందించినవాళ్ల మనసులో ఆడపిల్లల ఊసేమీ ఉండి ఉండదు. కానీ ఏ వస్తువైనా ఇంట్లోకి వచ్చాక ఇంట్లో అప్పటికే ఉన్న వరసలో సర్దుకుంటుంది. మా ఇంట్లో రెండో రిమోట్ ఎవరిదో చెప్పనవసరం లేదు. కొన్ని ఇళ్లల్లో చెల్లెలికి వైరు తగిలించని రిమోట్ ఇచ్చి ఆడుతున్నానని నమ్మించేవారట. ఈ సంగతిని మగ స్నేహితులు ఇప్పటికీ హాస్యంగా చెబుతారు.

తాడేపల్లిగూడెంలో మా పిన్ని వాళ్ల వీధి చివర గంట లెక్కన ఆడించే గది ఒకటి ఉండేది. ఆడపిల్లలు వెళ్లకూడదని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. కాంట్రాలో మూడు ప్రాణాల బదులు ముప్పై వచ్చే మీటల వరస ఒకటుంది - పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ కుడి, ఎడమ కుడి. కొనామీ సంస్థలో కజుహిసా హషిమోటో అనే ఉద్యోగి 1986లో మరో ఆట కోసం పెట్టుకున్న ఉపాయం అది. ఇంటర్నెట్ లేని రోజుల్లో జపాన్ నుంచి గూడెం దాకా నోటి మాటగా వచ్చింది. మౌఖిక సాహిత్యం చదువుకున్నదానిగా నాకు అది అబ్బురమే. అయితే ఆ నోళ్లన్నీ ఆ గదుల్లోనూ క్రికెట్ మైదానాల్లోనూ ఉన్నవి. నేను దాన్ని మొదటిసారి విన్నది యూనివర్సిటీ హాస్టల్లో.

ఇక అసలు విషయం, సమయం. మా క్యాసెట్లలో ఆటను దాచుకునే వీలు లేదు. పెట్టె ఆపితే మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలు. అలాంటి ఆటలో చివరి దాకా వెళ్లాలంటే ఎవరూ పిలవని గంటలు కావాలి, ఒక్కటే ఉన్న టీవీ ఆ గంటలపాటు చేతిలో ఉండాలి. కుళాయి వచ్చే వేళకు లేవాల్సిన పిల్లకు, చుట్టాలొస్తే మంచినీళ్లు తేవాల్సిన పిల్లకు ఆ ఆట మొదటి రెండు మెట్లే. మూడో మెట్టులో ఏముందో అన్నదమ్ముల భుజాల మీదుగా చూసిందే. అమ్మ మాటైతే ఎత్తనే అక్కర్లేదు. పాత ఆటల అభిమానులు 'నేర్పు' అంటున్నదానిలో సగం, తెగకుండా దొరికిన సమయం. అమ్మాయిల చేతులకు వేగం లేదనడం, వాళ్లకు మధ్యాహ్నాలు లేవన్న సంగతిని దాచేస్తుంది.

మనకిది తెలిసిన సంగతే. రచయిత్రుల మౌనాల గురించి 1978లో పుస్తకం రాసిన టిల్లీ ఓల్సెన్ పదే పదే చెప్పింది ఈ తెగిపోయే సమయం గురించే. అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం' కథలో స్త్రీ కోరుకునేది కంటినిండా నిద్ర, అంతకన్నా ఏమీ లేదు. నిద్రకే లేని వ్యవధి ఆటకు ఎక్కడ దొరుకుతుంది?

కథ విషయానికి వద్దాం. రాక్షసుడు రాజకుమారిని ఎత్తుకుపోతాడు, కష్టజీవి ఒకడు వెళ్లి విడిపిస్తాడు. 1951 నాటి 'పాతాళభైరవి' చూసిన ఊళ్లవాళ్లకు 1985 నాటి మారియోలో కొత్త ఏముంది? తోటరాముడి చోట ప్లంబర్ వచ్చాడు. "ఆ కాలంలో యంత్రానికి అంతే జాగా ఉండేది, అంతకన్నా కథ ఎలా చెబుతారు" అని సమర్థిస్తుంటారు. నిజమే, ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఈ వ్యాసం తెలుగు అక్షరాల్లో దాచినా దాదాపు అంతే జాగా పడుతుంది. కానీ మన జానపద కథలకు అంత జాగా కూడా లేదు, ఒక అమ్మమ్మ జ్ఞాపకంలో పట్టాలి. అయినా బాలనాగమ్మ చెరలో ఊరికే కూర్చోదు. నోము పేరు చెప్పి మాయల ఫకీరును ఏళ్లకు ఏళ్లు దూరంగా ఉంచుతుంది. 1942 జెమినీ వారి సినిమాలో కాంచనమాలను చూసినవాళ్లు ఆ పాత్రను కథా నాయకిగానే గుర్తుంచుకున్నారు. ఇదే తీరు కథ ఇంకొకటి, 1868లో మేరీ ఫ్రియర్ అచ్చు వేయించిన దక్కన్ కథల్లో ఉంది. చెప్పింది అన్నా లిబరాటా డిసౌజా అనే ఆయా. అందులో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందన్న రహస్యం రాబట్టేది చెరలో ఉన్న స్త్రీయే. కొడుకు వెళ్లి చిలకను పట్టుకోవడం ఆ తర్వాతి పని. ఆడవాళ్లు చెప్పుకున్న చెర కథలో బుద్ధి చెరలో ఉన్నదానిది. మారియోలో ఆ బుద్ధిని కత్తిరించి ఆమెను చివరి తెర మీద బొమ్మగా నిలబెట్టారు. దీనికి జాగా సాకు చెల్లదు.

ఆ మరుసటి ఏడాది, 1986లోనే వచ్చిన మెట్రాయిడ్‌ను ఇక్కడ తప్పక ఎదురు చూపిస్తారు. ఆట పొడుగునా కవచంలో ఉన్న వీరుడు చివర్లో స్త్రీ అని తెలుస్తుంది. బాగుంది. అయితే ఆట ఎంత త్వరగా ముగిస్తే ఆమె ఒంటి మీద బట్టలు అంత తక్కువగా కనిపిస్తాయి. గెలిచినవాడికి బహుమానం అది. అమాయకత్వం అంటే ఇదేనా?

ఒక ఆటను మాత్రం నేను తీసిపారెయ్యలేను, 1984 నాటి డక్ హంట్. ప్లాస్టిక్ తుపాకీతో టీవీలో బాతుల్ని కాల్చాలి. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల చదరం వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగును పట్టుకుంటే తగిలినట్టు లెక్క. పాత గాజు బుడ్డి టీవీలతోనే ఆ కిటుకూ పోయింది. తుపాకీ ఎప్పుడూ అబ్బాయిలదే. ఏలూరు నుంచి కైకలూరు వైపు వెళ్తే ఆటపాకలో గూడబాతుల్ని చూడొచ్చు. కొల్లేటిని 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. పక్షిని చూడడం తెలిసిన పిల్లలే టీవీ ముందు గురి చూసేవారు. అయితే ఆ ఆటలో ఎవరూ మాకు చెప్పని ఒక మార్గం ఉంది. ఒంటరి బాతు వచ్చే పద్ధతిలో, మామూలు రిమోట్ పట్టుకున్న రెండో మనిషి ఆ బాతు ఎటు ఎగరాలో నడపవచ్చు. మా నకలు పెట్టెతో సూచనల పుస్తకం ఏదీ రాలేదు. పక్కన ఊరికే కూర్చున్న చెల్లెళ్లకు ఒక్క ఆటలో పక్షిని తప్పించే అధికారం ఉండి ఉండవచ్చన్న సంగతి నాకు ముప్పై దాటాక తెలిసింది. ఆ సంగతి తెలిసిన రోజు ఎంత కోపం వచ్చిందో!

చేసినవాళ్లలో ఆడవాళ్లు లేరా అంటే ఉన్నారు. పొట్టి గడ్డి లంగాలాంటిది కట్టుకున్న కుర్రాడు పళ్లు ఏరుకుంటూ పరిగెత్తే ఆట - 'అడ్వెంచర్ ఐలాండ్' - సంగీతం జున్ చికుమా అనే స్త్రీది. ఆ ఈల పాట ఇప్పటికీ కూనిరాగం తీసే మగవాళ్లు నాకు చాలామంది తెలుసు, ఆమె పేరు తెలిసినవాళ్లు ఒక్కరూ తెలియదు. ఆ రోజుల్లో కంపెనీలు మగవాళ్ల పేర్లు కూడా దాచేసేవన్నది నిజమే. అయితే తర్వాత వెతికి తీసి దేవుళ్లను చేసుకున్నప్పుడు ఎవరి పేర్లు ముందు బయటికొచ్చాయో చూడాలి.

ఇప్పుడు అసలు రుచించని మాట. కాంట్రా కన్నా క్యాండీ క్రష్ మెరుగైన ఆట. దానికి ముందు వరసలో ఇటుకలు పేర్చే బ్రిక్ గేమ్ ఉంది. జాతరలోనో ఎగ్జిబిషన్‌లోనో కొన్నది, సొంత బ్యాటరీలతో నడిచేది, టీవీ అక్కర్లేనిది, విడిపించాల్సిన రాజకుమారి లేనిది. అభిమానులు దాన్ని కన్సోళ్ల జాబితాలో చేర్చరు. అమ్మాయిల చేతుల్లో నిజంగా ఉన్నది మాత్రం అదే. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ ఆ దారిలోదే. మూడు నిమిషాల్లో ఒక మెట్టు. కుక్కర్ రెండు కూతల మధ్య పడుతుంది. ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. ఇది ఆటే కాదని ఎగతాళి చేసే గొంతు మనకు కొత్తది కాదు. అరవైల్లో, డెబ్భైల్లో వారపత్రికల సీరియళ్లు రాసిన యద్దనపూడి సులోచనారాణి తరం రచయిత్రులను వంటింటి సాహిత్యమని తేలిక చేసిన గొంతే ఇది. ఆ నవలల మీద విమర్శ ఉండకూడదని అనను. వారానికొక ముక్కగా, పనుల మధ్య చదవడానికి వీలైన ఆ రూపం ఎవరి సమయానికి సరిపోయిందో అడగకుండా చేసిన విమర్శను మాత్రం ఒప్పుకోను.

అయితే క్యాండీ క్రష్‌ను నెత్తిన పెట్టుకోలేం. ఐదు ప్రాణాలు అయిపోతే ఒక్కొక్కటీ తిరిగి రావడానికి అరగంట పడుతుంది, లేదా డబ్బు కట్టాలి. పాత ఆట మన దగ్గర లేని సమయాన్ని అడిగింది. కొత్త ఆట మన తునకల సమయాన్ని కనిపెట్టి, దానికి ధర కట్టింది. ఆకివీడు దారిలో కొల్లేటి లంకల నుంచి రొయ్యల కర్మాగారాలకు వెళ్లే ఆడవాళ్ల బస్సులు తెల్లవారకుండానే కనిపిస్తాయి. రోజంతా చల్లటి నీళ్లల్లో చేతులు పెట్టి నిలబడి రొయ్యలు వలిచే పని. పోయిన ఏడాది ఆ దారిలో నా పక్క సీట్లో కూర్చున్నామె ఫోన్లో రంగు రంగు బిళ్లలు జరుపుతోంది. ఎన్నో మెట్టు అని అడిగాను. వెయ్యి దాటిందట. పిల్లలకు కూడా చెప్పలేదట, పని మానేసి ఆటలంటారని. ఇంతలో తెర మీద బిళ్లలు ఆగిపోయాయి.

"ప్రాణాలైపోయినాయండి," అంది ఫోను జాకెట్లో దోపుకుంటూ. "అరగంటకొకటి వత్తాది. ఈలోగా దిగిపోవాలి మేం."