చెవిని చదివిన పనివాళ్లు

పదిహేనేళ్ల కిందట మన ఊళ్లలో సెల్‌ఫోన్ షాపు కుర్రాడు మెమరీ కార్డు నిండా ఘంటసాల, ఇళయరాజా పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. చిటికెన వేలి గోరంత కార్డులో అన్ని పాటలు పట్టాయంటే అందులో జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణం కష్టం చాలా ఉంది. అక్కడ ప్రభుత్వ సాయంతో నడిచే ఫ్రౌన్‌హోఫర్ సంస్థ, స్థానిక విశ్వవిద్యాలయంతో కలిసి, 1980ల చివర్లో పాటల సమాచారాన్ని కుదించే ఎంపీ3 పద్ధతికి ప్రాణం పోసింది.

వాళ్ల గణితం గొప్పదే. నాకు అంతకన్నా గొప్పగా తోచేది వాళ్లు వినే తీరు. డోలు గట్టిగా మోగిన క్షణాన తంబుర సన్నని నాదం మన చెవికి అందదు. అందనిదాన్ని వదిలేస్తే సీడీలోని సమాచారం సుమారు పదకొండో వంతుకు తగ్గుతుంది. ఎంత వదలాలో మాత్రం మనిషే విని తేల్చాలి. ఆ బృందంలోని కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్ అందుకు గాయని సుజాన్ వేగా పాడిన ‘టామ్స్ డైనర్’ను ఎంచుకున్నారు. వాద్యాల చాటు లేని ఒంటరి గొంతులో ఏ లోపమూ దాగదు. మొదట్లో ఆ గొంతు పాడైపోయి వినిపించింది. సరిదిద్దడం, మళ్లీ వినడం, మళ్లీ సరిదిద్దడం. కంసాలికి ఉండే ఓర్పు అది.

ఇలా కుదించిన పాట ఫైలు పేరు చివర ‘ఎంపీ3’ అని చేర్చాలని 1995 జులై 14న నిర్ణయించారు.

ఫ్రౌన్‌హోఫర్‌కు ప్రభుత్వం నేరుగా ఇచ్చేది దాదాపు మూడో వంతే. మిగతాది పరిశ్రమల పనులతో, పోటీపడి తెచ్చుకున్న ప్రాజెక్టులతో సంపాదించుకోవాలి. అందుకే అక్కడి శాస్త్రవేత్త కంపెనీల గడప తొక్కక తప్పదు. ఎంపీ3 లైసెన్సుల సొమ్ము కూడా కొత్త పరిశోధనలకు వెళ్లింది. 2017లో ఆ లైసెన్సులు ముగిశాయి.