అర గురివింద మందు

పేలిన తూటా డొల్లను పారేయకుండా మళ్లీ నింపుకోవడం అమెరికాలో చాలామందికి ఆదివారం వ్యాపకం. గ్యారేజీలో ఒక బరువైన బల్ల, దానికి బోల్టులతో బిగించిన ప్రెస్సు, పక్కన చిన్న త్రాసు, మందు కొలతల పుస్తకం ఉంటాయి. సొంత వాడకానికి నింపుకునేవారిని అక్కడి ఫెడరల్ చట్టం లైసెన్సు అడగదు. ఆ బల్లను చూసినవాళ్లకు మన దగ్గరా ఒకటి పెట్టుకుంటే పోలా అనిపించడంలో వింత లేదు. అందులోనూ ఖమ్మం–వరంగల్ రోడ్డు మీది తిరుమలాయపాలెం లాంటి చోట, చేలో మక్క కంకి పాలుపోసుకోగానే పందుల మందలు దిగే చోట, ఆ ఊహకు బలం ఎక్కువ. అయినా ఇక్కడ ఏ ఇంట్లోనూ ఆ బల్ల ఉండకూడదని నా అభిప్రాయం. చట్టం వద్దంది కాబట్టి అనడం లేదు, మన చేతులకు పనితనం లేదనీ కాదు. అక్కడ ఆ బల్లను క్షేమంగా నడిపిస్తున్నదేదీ ఆ బల్ల మీద లేదు. దాని వెనక నూరేళ్లుగా పేరుకున్న లెక్క ఉంది.

ఆ లెక్క ఎలాంటిదో కాస్త చూద్దాం. తూటాలో ఉండేవి నాలుగు: ఇత్తడి డొల్ల, అడుగున నిప్పు రాజేసే క్యాప్, మందు, మూతిన గుండు. పేలిన క్షణంలో డొల్ల ఉబ్బి తుపాకీ గదిని మూసేస్తుంది, వెంటనే కొంత ముడుచుకుని బయటికి వస్తుంది. ఇత్తడికి ఈ గుణం ఉండబట్టే రెండోసారి నింపడం సాధ్యమైంది. కానీ సాగిన ప్రతిసారీ లోహం కొంత అలసిపోతుంది. మందును గ్రెయిన్లలో తూస్తారు. పౌనుకు 7,000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిన్ కంసాలి వాడే గురివింద గింజలో దాదాపు సగం. ఫ్రాన్సులో పాల్ వియే 1884లో పొగరాని మందును తయారుచేశాక ఈ అర గురివింద బరువుకు ప్రాణాల విలువ వచ్చింది. పాత నల్ల తుపాకిమందుకు కాస్త ఓపిక ఎక్కువ. కొత్త మందు కొంచెంతోనే ఎంతో ఒత్తిడి పుట్టిస్తుంది. కొన్ని తూటాల్లో పొరపాటున రెండుసార్లు పోసినా డొల్ల నిండదు, కంటికి తేడా తెలియదు. అందుకే యూరప్‌లో 1914లో, అమెరికాలో 1926లో ఇందుకోసం సంస్థలు ఏర్పడి, ఏ తూటాకు ఎంత ఒత్తిడి హద్దో ప్రమాణాలు నిలబెట్టాయి. మందు కంపెనీలు ప్రయోగశాలలో పేల్చి చూసి పట్టికలు అచ్చువేస్తాయి. బల్ల ముందు కూర్చున్న మనిషి ఆ పట్టికను నమ్మి తూస్తాడంతే, కొత్తగా కనిపెట్టేదేమీ ఉండదు. ఆ పట్టికను, దానికి సరిపోయే సరుకును తీసేస్తే మిగిలేది ఇనుప ప్రెస్సు, ఒక అంచనా.

మన పెద్దలు తరాలుగా చేతితో మందు నింపలేదా అని అడుగుతారు. నింపారు. నాటు తుపాకీ అంటేనే అది, మూతిలో నుంచి మందు పోసి, గుడ్డ పెట్టి, గుండు దించి, చువ్వతో దట్టించేది. తెలంగాణ సాయుధ పోరాటంలో దళాల చేతుల్లో ఉన్న భర్మార్లు ఈ జాతివే. అయితే ఆ చరిత్రను సరిగా చదివితే అది ఇంటి బల్లకు సాక్ష్యం చెప్పదు. భర్మారు పట్టినవాళ్లు వేరే దారి లేక పట్టారు. రైఫిలు దొరికిన చోట దాన్నే ఎంచుకున్నారు, దాని తూటాల కోసం ప్రాణాలకు తెగించారు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడింది ఎందుకు? అక్కడ దొరికినవి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. మన్యంలో విల్లంబులు చేసుకోగల చేతులకు కొదవ లేదు, ఫ్యాక్టరీ తూటాను మాత్రం ఆ చేతులు పుట్టించలేవు. నిజాము అంతటివాడికీ ఫిరంగులు కావాల్సి వస్తే 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ హైదరాబాదులో కార్ఖానా పెట్టాల్సి వచ్చింది. గన్‌ఫౌండ్రీ అనే పేరు ఆ పేటకు ఇప్పటికీ ఉంది. గతిలేక చేసిన పనిని సంప్రదాయమని మళ్లీ నెత్తికెత్తుకోనక్కర్లేదు.

ఇక చట్టం. 1959 ఆయుధాల చట్టం తూటాల తయారీకి లైసెన్సు కావాలంటుంది. అంతకన్నా ముఖ్యం, తూటా భాగాలను, వాటిని తయారుచేసే యంత్రాన్ని కూడా అది మందుగుండు నిర్వచనంలోనే చేర్చింది. అంటే సరదాకు తెప్పించుకున్న ప్రెస్సు సైతం చట్టం కంటికి సాధారణ పనిముట్టు కాదు. మందుకు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం వేరే. అనుమతి లేని తూటాల తయారీకి ఆయుధాల చట్టం 2019 సవరణ ఏడేళ్లకు తగ్గని జైలు, యావజ్జీవం దాకా శిక్ష పెట్టింది. ఇదంతా తెల్లదొరల అనుమానానికి వారసత్వం అనేవాళ్లున్నారు. 1878లో లిట్టన్ తెచ్చిన ఆయుధాల చట్టం నిస్సందేహంగా అలాంటిదే, భారతీయుడిని నమ్మకపోవడమే దాని పునాది. అయితే పుట్టుక చెడ్డదైనంత మాత్రాన ఆ హద్దుకు నేడు కారణం లేదనలేం. పక్కపక్కనే గోడలు కలిసిన ఇళ్లు, పిల్లలు తిరిగే వసారా, పొయ్యికి పది అడుగుల దూరంలో పేలుడు మందు. ఇక్కడ అనుమానించాల్సింది మనిషిని కాదు, మందును.

నాకు బలంగా తోచే వాదన షూటర్లది. గురి కుదరాలంటే ప్రతి తూటా ఒకేలా ఉండాలి, ఫ్యాక్టరీ సరుకులో ఆ నిలకడ అన్నిసార్లూ ఉండదు అంటారు. నిజమే, కానీ ఆ అవసరం ఎందరికి? హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తో, దానికి మందే లేదు. మన ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది ఎయిర్ పిస్టల్‌తో, పాయింట్ టూ టూ పిస్టల్‌తో. ఆ పాయింట్ టూ టూ తూటాలో నిప్పురవ్వ మందు అడుగు అంచు మడతలోనే ఉంటుంది కనుక దాన్ని మళ్లీ నింపే పద్ధతే వాడుకలో లేదు. మిగిలింది పెద్ద తూటాలతో పోటీపడే కొద్దిమంది. వాళ్లకోసం రైఫిల్ సంఘాల రేంజిలో, లైసెన్సు కింద, తాళం వేసిన గదిలో, వచ్చిన డొల్లకూ పోసిన మందుకూ రిజిస్టరు ఉన్న ఉమ్మడి బల్లను ప్రభుత్వం అనుమతిస్తే నాకు అభ్యంతరం లేదు. అనుమతించాలి కూడా. ఇంటి బల్లకు మాత్రం ఈ వాదన చాలదు.

పందుల గోడు వేరు, దాన్ని తేలిగ్గా తీసేయడం అన్యాయం. రాత్రంతా మంచె మీద కూర్చున్నా తెల్లారేసరికి అరెకరం మక్క నేలమట్టమైన రైతుకు చట్టం సెక్షన్లు చదివి వినిపించడం సులువే. కానీ అంచనాగా నింపిన తూటా పందిని చంపడం కన్నా గాయపరిచే అవకాశమే ఎక్కువ, గాయపడ్డ పంది ఎదురుపడ్డవాడిని వదలదు. చేనుకు కట్టిన కరెంటు తీగలు, తిండిలో పెట్టే నాటు బాంబులు ఇప్పటికే పశువులనూ మనుషులనూ మింగుతున్నాయి, ఆ జాబితాకు ఇంకోటి కలపడం పరిష్కారం కాదు. 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ పంట నాశనం చేసే జంతువును అధికారి అనుమతితో తొలగించే వీలు ఇస్తూనే ఉంది. ఆ అనుమతి పంట పోయాక కాదు, ఉండగా అందాలి. నష్టపరిహారం ఆ కారు దాటకుండా చేతికి రావాలి, కంచెకు సాయం కావాలి. రైతు గట్టిగా అడగాల్సింది వీటిని.

లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్లవారికి ఒక మాట. పాత డొల్లలను ఎవరో నింపిస్తామంటే ఇవ్వకండి. తాతల నాటి మందు అటక మీద డబ్బాలో మిగిలి ఉంటే దాన్ని ఎండబెట్టొద్దు, తగలబెట్టొద్దు, చేత్తో కదిలించొద్దు. పోలీసు స్టేషనుకు కబురు పెట్టండి, వాళ్లే వచ్చి తీసుకెళ్తారు.