కన్నుకాని కంటిచుక్క

యూగ్లీనాను గూర్చి మన బడిపాఠములలో ఒక మాట తరము నుండి తరమునకు సంక్రమించుచున్నది. ఆ ఏకకణజీవి ముందుభాగమున ఎర్రని కంటిచుక్క గలదనియు, దానితో అది వెలుతురును గుర్తించుననియు దాని సారాంశము. మొదటి సగము నిజమే. రెండవ సగము తప్పు. ఆ తప్పునకు చాలవరకు ఆ పేరే కారణము.

నంద్యాల జిల్లాలో నల్లమల అంచున నున్న రుద్రవరం వంటి ఊరిలో, సూక్ష్మదర్శిని లేని బడిలో కూడ ఈ పాఠమును చేసి చూపవచ్చును. కుంటలో నీరు పచ్చబడినప్పుడు ఒక సీసాలో పట్టి తెచ్చి, సీసాకు నల్లకాగితము చుట్టి, ఒకప్రక్క రూపాయిబిళ్లంత రంధ్రము చేసి, కిటికీకి ఎదురుగా ఉంచవలెను. నీటిలో యూగ్లీనాలు దండిగా నున్నచో కొన్ని గంటలలో ఆ రంధ్రము కడ పచ్చని మచ్చ ఏర్పడును. రంధ్రమునకు ఎర్రని గాజుకాగితము అంటించినచో అవి అట్లు గుమిగూడవు. వాటిని నడిపించునది నీలికాంతి.

ఆ నీలికాంతిని పట్టునది ఏది? ఎర్రచుక్కలో నున్నవి కెరోటినాయిడ్లు, అనగా కేరట్ దుంపకు రంగునిచ్చు వర్ణకముల జాతివి. ఇవియు నీలికాంతిని పీల్చును గనుకనే భ్రమకు తావు కలిగినది. అసలు గ్రాహకము ఆ చుక్కలో లేదు. దాని చెంతనే, కశాభము మొదట నున్న చిన్న ఉబ్బులో ఉన్నది. అందలి వర్ణకము ఫ్లావిన్. బి2 విటమిన్ నుండి తయారగునది. వెలుగు సోకగానే ఎంజైముగా పనిచేయు ఒక ప్రోటీనులో ఇది ఇమిడియున్నదనియు, తీవ్రమైన వెలుగు నుండి యూగ్లీనా తప్పుకొనుటకు ఇదే ఆధారమనియు 2002లో జపాను శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

మరి ఎర్రచుక్క ఎందులకు? యూగ్లీనా తన చుట్టు తాను తిరుగుచు ఈదును. వెలుగు ప్రక్కనుండి వచ్చినచో, తిరిగిన ప్రతిసారి చుక్క నీడ ఆ ఉబ్బుపై పడి తొలగుచుండును. ఆ వెలుగునీడల మార్పును బట్టి జీవి దిక్కు సరిచేసుకొనును. ఎండలో నడచువాడు కంటికి అరచేయి అడ్డుపెట్టుకొనును. అరచేతిని మనము కన్ను అనము గదా!

క్లామిడోమోనాస్ సాక్ష్యము ఇంకను బలమైనది. దాని గ్రాహకము మన కంటిలోని రొడాప్సిన్ వలె రెటినాల్‌తో పనిచేయును. చుక్కపైనున్న కణత్వచములో ఉన్నది. చుక్కలోని కెరోటినాయిడ్ పొరలు అద్దము వలె కాంతిని దానిపైకి మరల్చి, వెనుకనుండి వచ్చు కాంతిని అడ్డగించును. 2016లో జపానులోనే, ఆ పొరలు లేని కణములను పరీక్షించిరి. చుక్కయే కన్నైనచో అవి గుడ్డివి కావలెను. కాలేదు! కణమే కటకమై వెనుకటి కాంతిని గ్రాహకముపై కేంద్రీకరింపగా, అవి సహజకణములు పోవు దిక్కునకు ఎదురుదిక్కున ఈదినవి.

కనిపించు రంగే పనిచేయు రంగని తలచుట ఒక్క యూగ్లీనా పాఠముతో ఆగదు. ఉప్పుమళ్లలో నీరు చిక్కబడి ఎర్రబారుట మన కోస్తాలో కొత్త కాదు. ఉప్పును కోరు సూక్ష్మజీవుల ఎరుపులో అధికభాగము ఎండనుండి కాపాడు కెరోటినాయిడ్లదే. కాంతితో ప్రోటాన్లను కణము వెలుపలికి తోడు ఊదారంగు బాక్టీరియోరొడాప్సిన్ వేరు. అది 1971లో వెల్లడియైనది.

ఇది మాటల పట్టింపు మాత్రమే అనువారుందురు. 2021లో, రెటీనా వ్యాధితో చూపు పోయిన 58 ఏండ్ల వ్యక్తికి, ఒక జాతి క్లామిడోమోనాస్ గ్రాహకపు జన్యువు నుండి రూపొందించిన జన్యువును ఒక కంటిలో ప్రవేశపెట్టిన ఫలితము ప్రకటింపబడినది. ప్రత్యేకమైన కళ్లద్దముల సాయముతో అతడు బల్లపైనున్న వస్తువులను గుర్తింపగలిగెను. పరిశోధకులు ఎర్రచుక్కనే పట్టుకొని కూర్చుండినచో ఆ జన్యువు వారి చేతికి వచ్చెడిదికాదు.

కంటిచుక్క అను పేరు ఇంగ్లీషునుండి వచ్చి స్థిరపడినది, మార్చుట కష్టము. ప్రశ్నపత్రమునైనను మార్చవచ్చును. కాంతిని గ్రహించు భాగమేది అని అడిగి, కంటిచుక్క అని వ్రాసినవానికి మార్కు వేయుటకంటె, చుక్క లేనిచో ఆ జీవి ఎటు ఈదును అని అడుగుట మేలు.