వాకిటి ముగ్గు

తెలవాఱకమునుపే వాకిలి చిమ్మి, కలాపి చల్లి, ఆ తడి యాఱులోపల బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనుండి పిండి జాఱవిడుచుచు, నడిమి వరుసలో 15 చుక్కలుంచి, ఇరుప్రక్కల సందుచుక్కలుగా 8 వఱకు దించి, వానిని తీగలతో పెనవేయు తెలుగు ఇల్లాలిని మించిన చిత్రలేఖన సాధకులను నేనెఱుఁగను. తీఱిక దొరకలేదని ఆమె యేనాఁడును అనదు. కలాపి తడియే ఆమె గడియారము. గీత వంకరపోయినచో తుడిచి మఱల లాగును, లేదా ఆ వంకరకే యొక పువ్వు పూయించును గాని తన చేతిని నిందించుకొనదు. ప్రొద్దెక్కునంతలో పాదములక్రింద చెరిగిపోవునని తెలిసియే గీయుటచేతఁ గాఁబోలు, ఆ వ్రేళ్ళకు సంకోచము లేదు. ధనుర్మాసమున నెలపొడవునను పెద్దముగ్గులు. పండుగ చివర రథము ముగ్గు, దాని త్రాడు పొరుగింటి రథమునకుఁ గలియుట నాకెంతయు ప్రియము. చిత్రకళ నభ్యసింపఁగోరు మిత్రులారా, ఒక్క మాసము వేకువనే లేచి ఆ చేతిని చూడుఁడు.