ఎవరి చేతి పని?

పెన్సిల్వేనియా పాత లాంగ్ రైఫిల్ చేతికొస్తే ఎవరైనా ముందు వెతికేది పేరే. గొట్టానికి ఎనిమిది పలకలుంటాయి, పేరు చెక్కేది పై పలక మీద. 18వ శతాబ్దపు తుపాకుల్లో చాలావాటికి ఆ పలక ఖాళీ.

లాక్ మీద పేరు కనబడగానే చేసినవాడు దొరికాడనుకుంటే బోల్తా పడ్డట్టే. చెకుముకి రాయితో నిప్పు రాజేసే ఆ లాక్‌ను చాలామంది పనివాళ్లు ఇంగ్లండ్ సరుకులోంచి కొనుక్కునేవారు. కెట్లాండ్ అని ఉంటే అది బర్మింగ్‌హామ్ వ్యాపారుల పేరు. తుపాకీ మాత్రం పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లోనో రీడింగ్‌లోనో తయారై ఉండొచ్చు.

అసలు సాక్ష్యం చెక్కలో ఉంటుంది. భుజానికి ఆనించే మేపుల్ మడమ పై అంచు లాంకాస్టర్ తుపాకుల్లో దాదాపు తిన్నగా దిగుతుంది, లీహై లోయ తుపాకుల్లో వంపు తిరుగుతుంది. గుండుకు చుట్టే గుడ్డ ముక్కలు దాచుకునేందుకు మడమ కుడి పక్కన చిన్న పెట్టె ఉంటుంది. దాని ఇత్తడి మూత పైన డెయిజీ పువ్వుంటే లాంకాస్టర్ గుర్తుకు రావాలి. ఇలాంటి పోలికలను ప్రాంతాలవారీగా, పనివాళ్లవారీగా పేర్చి జో కిండిగ్ జూనియర్ 1960లో వెలువరించిన పుస్తకాన్ని సేకర్తలు నేటికీ తిరగేస్తారు.

తెలిసినవాళ్లు అక్కడితో ఆగరు. లాక్ విప్పి, దాని కింద తొలిచిన గుంటలోకి టార్చ్ పక్కవాటుగా వేస్తారు. కొన్న మనిషి ఎన్నడూ చూడని చోటది. ఉలి ఎంత లోతు దిగింది, మూల ఎలా తిరిగింది, ఎక్కడ తొందరపడింది, అన్నీ అక్కడ నిలిచే ఉంటాయి. సంతకాన్ని నకలు చేయడం తేలిక. ఈ అలవాట్లను నకలు చేయడం చాలా కష్టం.

పోల్చడానికి చేసినవాడి పేరున్న తుపాకీ ఒక్కటైనా కావాలి. మొరేవియన్ క్రైస్తవుల ఊరు క్రిస్టియన్స్ స్ప్రింగ్‌లో క్రిస్టియన్ ఓర్టర్ 1775లో చేసి, పేరూ ఏడాదీ చెక్కిన రైఫిల్ అలాంటిది. 1971లో వ్యాలీ ఫోర్జ్‌లో చోరీ అయిన ఆ తుపాకీ 2018లో దొరికింది. పోయినన్నాళ్లూ పరిశోధకులకు ఒక కొలబద్దే చేజారింది.

ఓర్టర్‌కు పని నేర్పిన గురువు ఆండ్రియాస్ ఆల్‌బ్రెక్ట్. ఎడ్వర్డ్ మార్షల్ అనే వ్యక్తిదని చెప్పే సంతకం లేని రైఫిల్‌ను పలువురు పరిశోధకులు ఆల్‌బ్రెక్ట్ పనిగానే భావిస్తారు. అయితే శిష్యుడి ఉలి గురువు దారిలోనే నడుస్తుంది. అందుకే పోలిక చాలాసార్లు పనిశాల వరకే తీసుకెళ్తుంది, మనిషి దాకా చేర్చదు. అలాంటప్పుడు ‘క్రిస్టియన్స్ స్ప్రింగ్ పని’ అని ఆగడమే నిజాయితీ. ధర పెరుగుతుందని ఆధారం లేని పేరు తగిలిస్తే అసలు చేసినవాడికి అన్యాయం జరుగుతుంది.

పాత చేతిపని వస్తువేదైనా ఇంట్లో ఉంటే దాని ఇత్తడికి మెరుగు పెట్టకండి, చెక్కకు వార్నిష్ పూయకండి. ముందు తెలిసినవాళ్లకు చూపించండి. ఒకసారి గీకేసిన ఉలి గుర్తు మళ్లీ రాదు.