ఆరు మిల్లీమీటర్ల పనితనం

మినియాపొలిస్ పక్కనున్న బ్లూమింగ్టన్‌లో మా మేనల్లుడు ఉంటాడు. పోయిన వేసవిలో వాళ్లింటికి వెళ్లినప్పుడు గ్యారేజీ గోడకి ఆనించిన సైకిలొకటి కనబడింది. లావు టైర్లు, ఎత్తు చక్రాలు, బూడిదరంగు ఫ్రేము. వెనక చక్రం దగ్గర ఒకటే పళ్లచక్రం.

"ఏరా, దీని గేర్లేమయ్యాయి? ఊడిపోయాయా?"

"తీసేశాను మావయ్యా. తీసెయ్యడానికే నాలుగు నెలలు పట్టింది."

ఆ మాట వెంటనే అర్థం కాలేదు. నాది సైకిలు షాపు పుట్టుక. మా నాన్న తెనాలిలో గంటకింతని సైకిళ్లు అద్దెకిచ్చేవాడు. పంక్చర్లు, ఓవరాయిలింగులు, చక్రాల బెండు తీయడం మిగతా జీవనం. గేరున్న సైకిలు మా షాపు గుమ్మం తొక్కిన గుర్తు లేదు. గేర్లు లేకపోవడమంటే నాకు లేమి. దాన్ని నాలుగు నెలలు కష్టపడి సంపాదించుకోవడమేమిటి? ఆ వారమంతా వాడి వెనకే తిరిగి ఆ సైకిల్ని అంగుళం అంగుళం చూశాక తెలిసింది. గేర్లు మార్చే డిరైలరు చైనుని అటూ ఇటూ జరపడమే కాదు, సైకిలు కట్టినవాడి తప్పుల్ని కూడా కప్పిపుచ్చుతుంది. చైను వదులైతే దాని స్ప్రింగు లాగిపట్టుకుంటుంది. వరస కాస్త తప్పినా సర్దుకుపోతుంది. అది లేనప్పుడు ప్రతి కొలతా దానంతటది సరిగ్గా ఉండాల్సిందే.

ముందు ఈ పెద్ద చక్రం సంగతి. దీన్ని అక్కడ ట్వెంటీనైనర్ అంటారు. 29 అంగుళాలనేది లావు టైరు ఎక్కించాక వచ్చే బయటి కొలత. రిమ్ములో టైరు అంచు కూర్చునే చోటు వ్యాసం 622 మిల్లీమీటర్లు. పాత మౌంటెన్ బైకుల్లో మామూలుగా కనిపించే 26 అంగుళాల చక్రానిది 559. వాడు ఈ లెక్కలు చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. తెనాలిలో మేము బెండు తీసిన 28 ఒకటిన్నర చక్రాల రిమ్ము 635 మిల్లీమీటర్లు. అంటే మన పాత హీరో, అట్లాస్ సైకిళ్ల రిమ్ము వీళ్ల 'పెద్ద చక్రం' కన్నా 13 మిల్లీమీటర్లు పెద్దది! తేడా అంతా టైరు లావులోనే.

ఒంటి గేరు కూడా కొత్తదేం కాదు. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు రీప్యాక్ అనే మట్టిదారిలో పందేలు మొదలుపెట్టినప్పుడు చాలామంది తొక్కింది పాత ష్విన్ సైకిళ్లే: ఒకటే గేరు, పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు. కొండ దిగేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగైపోయేది, మళ్లీ కూరుకోవాల్సి వచ్చేది. ఆ దారికి పేరొచ్చింది అందుకే. వాళ్లకి దొరికిన లావు టైర్లు 26 అంగుళాలవి కాబట్టి మౌంటెన్ బైకులకి ఆ కొలతే స్థిరపడిపోయింది. ఇంగ్లండులో జెఫ్ ఆప్స్ అనే ఆయన 1980ల మొదట్లోనే ఫిన్లండులో మంచు కోసం చేసిన నోకియా టైర్లతో పెద్ద చక్రాలు నడిపాడు. అవును, తర్వాత మనందరి జేబుల్లోకి ఫోనై వచ్చిన ఆ నోకియా ఇంటి టైర్లే. 1999లో డబ్ల్యూటీబీ అనే కంపెనీ వాళ్లు నానోరాప్టర్ అనే సిసలైన లావు టైరుని 622 రిమ్ముకి తెచ్చాక దారి తెరుచుకుంది. 2002లో బ్లూమింగ్టన్‌లోనే ఉన్న సర్లీ కంపెనీ కరాటే మంకీ అనే ఉక్కు ఫ్రేము తెచ్చింది. మావాడి గోడకి ఆనించి ఉన్నది అదే ఫ్రేము, ఎవరో పదేళ్లకు పైగా తొక్కి అమ్మేసినది. రంగు రేగింది, కింది గొట్టం మీద రాళ్ల దెబ్బలున్నాయి. అయినా క్రోమోలీ ఉక్కు కదా, సొట్టా పగులూ లేకపోతే వయసు దానికో లెక్క కాదు.

మొత్తం 400 డాలర్లు దాటకూడదని వాడి పట్టు. ఆ పట్టు వల్లే పనితనం బయటపడిందని నాకనిపించింది. డబ్బుంటే కొత్త హబ్బు, కొత్త రిమ్ము తెచ్చి బిగించేవాడు. లేదు కాబట్టి ఆలోచించాడు. 622 అంటే టూరింగు సైకిళ్లు, ఆఫీసులకి వెళ్లే సైకిళ్లు వాడే 700సి రిమ్మే. ట్వెంటీనైనర్ అన్న ముద్ర పడితే ధర వేరు, టూరింగు రిమ్ము ధర వేరు. పారేయబోతున్న ఓ 26 అంగుళాల సైకిలు వెనక హబ్బు ఊడదీశాడు. దానికి 36 బెజ్జాలు. అన్నే బెజ్జాలున్న టూరింగు రిమ్ము సంపాదించాడు. పుల్లలు మాత్రం కొత్తవి కొన్నాడు. బ్రేకులు రిమ్ముని పట్టే పాత వి-బ్రేకులు. ఈ ఫ్రేముకి డిస్కు బ్రేకులూ పడతాయి, వి-బ్రేకులకీ చోటుంది.

చక్రాన్ని వాడే అల్లాడు. నేను పైకెత్తి తిప్పి, బొటనవేలు రిమ్ము పక్కన ఆనించి చూశాను. గోటికీ రిమ్ముకీ మధ్య సందు ఎక్కడా మారలేదు. మా నాన్న అలాగే చూసేవాడు. ఆయన ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు వేసేవాడు. బియ్యం బస్తా, ఆ పైన పిల్లాడు కూచునేది వెనకే కదా! అల్లిక అయ్యాక పుల్లల్ని ఒక్కొక్కటే వేలితో మీటి, మోత విని, పానాతో పావు చుట్టు బిగించేవాడు. తర్వాత చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి రెండు చేతులతో చుట్టూ గట్టిగా నొక్కేవాడు. టింగు టింగుమని శబ్దాలొచ్చేవి. అప్పుడు మళ్లీ బెండు చూసేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. మావాడి దగ్గర జాబ్స్ట్ బ్రాండ్ట్ రాసిన 'ది బైసికిల్ వీల్' ఉంది, 1981లో వచ్చిన పుస్తకం. బిగించేటప్పుడు పుల్ల మెలిపడుతుంది, ఆ మెలి విడిపోయేటప్పుడు వచ్చేదే ఆ చప్పుడు. అల్లిక పూర్తయ్యాక పుల్లల్ని జతలుగా పట్టి గట్టిగా పిండితే వంపుల దగ్గర దాగిన ఒత్తిడి దిగిపోయి, అవి తొందరగా తెగవట. మావాడు చేతులకి తొడుగులేసుకుని జతజతనీ పిండాడు. తెనాలి పద్ధతి అంత శుద్ధమైనది కాకపోవచ్చు, కానీ మా నాన్న నొక్కింది కూడా ఆ మెలి వదిలించడానికేనని అరవై ఏళ్లొచ్చాక తెలిసింది నాకు.

ఇక కొలత. చక్రం పెద్దదైతే బండంతా పెద్దదవుతుంది, మనిషి మాత్రం పెరగడు. మావాడు 5 అడుగుల 6 అంగుళాలు. గోడకి వీపు ఆనించి, కాళ్ల మధ్య అట్ట పుస్తకాన్ని సీటులా పైకి ఇరికించుకుని నేల నుంచి కొలుచుకున్నాడు: 78 సెంటీమీటర్లు. దాన్ని 0.883తో గుణిస్తే క్రాంకు ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా దూరం వస్తుంది, దాదాపు 69. సీటు ఎత్తు తేలింది, ఇది సులువు. చిక్కంతా ముందు వైపే. పెద్ద చక్రం, దాని మీద పొడుగు ఫోర్కు, ఆ పైన హ్యాండిలు. అన్నీ కలిసి చేతుల్ని గడ్డం దాకా లేపేస్తాయి. అలా నిటారుగా కూచుంటే ఎత్తెక్కేటప్పుడు ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. మొదట వాడు అలవాటు కొద్దీ పైకి వంగిన హ్యాండిలు పెట్టి రెండు వారాలు నడుం నొప్పితో తిరిగాడు. తర్వాత దాన్ని తీసి తిన్నని కడ్డీ పెట్టాడు. కిందనున్న రింగులన్నీ పైకి మార్చి హ్యాండిలు మెడని దించాడు, మెడని తలకిందులుగా తిప్పి బిగించాడు. ఒక్క కాసు ఖర్చు లేకుండా హ్యాండిలు సీటుకి సమానంగా వచ్చింది. కడ్డీ మాత్రం వెడల్పు తగ్గించలేదు. గేరు లేని బండిలో ఎత్తెక్కేటప్పుడు లేచి నిలబడి, హ్యాండిల్ని అటూ ఇటూ గుంజుతూ తొక్కాలి. వెడల్పే అక్కడ బలం. నిలబడినప్పుడు మోకాళ్లు కడ్డీకి తగలకూడదు కాబట్టి సీటుకీ హ్యాండిలుకీ మధ్య నిడివి చాలాలి. ఈ రెంటి మధ్యా వాడు ఎంచుకున్నది 16 అంగుళాల ఫ్రేము.

ఓ రాజీ కూడా ఉంది. చిన్న ఫ్రేములో పెద్ద చక్రం ఇరికితే మలుపులో బూటు ముక్కు ముందు టైరుకి తగులుతుంది. ఒంటి గేరు వాళ్లు ఎక్కువ బలం కోసం 175 మిల్లీమీటర్ల క్రాంకు కావాలంటారు. వాడు 170 వేశాడు. ఆ 5 మిల్లీమీటర్లకే బూటు తప్పుకుంటోంది. పందేలవాళ్లు ఒప్పుకోరేమో. నాకైతే ఇరుకు మలుపులో పడిపోకుండా ఉండడమే పెద్ద బలం.

చైను దగ్గరికి రండి, అసలు అందం అక్కడుంది. ముందు పళ్లచక్రం 32 పళ్లు, మూడు చక్రాల పాత సెట్టులో నడిమిది. పెద్దదాన్ని తీసేసి ఆ స్థానంలో రాళ్ల దెబ్బ కాచే అల్యూమినియం పళ్లెం పెట్టాడు. దానివల్ల పాత పొడుగు బోల్టులే సరిపోయాయి, పొట్టివి కొనక్కర్లేకపోయింది. వెనక హబ్బు మీద తొమ్మిది చక్రాలు కూర్చునే చోట ఒకటే ఉంది. మిగతా ఖాళీ అంతా పాత చక్రాల మధ్యవుండే ప్లాస్టిక్ రింగులు, రెండు చోట్ల పీవీసీ గొట్టం ముక్కలు. పీవీసీ అంచుని ఉప్పుకాగితం మీద రుద్ది చదును చేసిన తీరు చూస్తే అది గొట్టమని చెబితేగానీ తెలియదు. రింగుల్ని అటొకటి ఇటొకటి మార్చి, ముందు చక్రానికి నూలుదారం ఆనించి వెనక్కి లాగి, మేస్త్రీ గోడ చూసినట్టు ఒంటికన్నుతో చూశాడు. దారం వెనక పళ్లని తాకేదాకా రింగులు మారుతూనే ఉన్నాయి. ఆ వెనక పళ్లచక్రం పట్టు దగ్గర మందంగా ఉంటుంది. పల్చటి రేకుదైతే తొక్కినప్పుడల్లా మెత్తటి హబ్బు గాళ్లలోకి దిగబడిపోతుందట. దానికి మాత్రం వాడు పొదుపు చెయ్యలేదు.

పళ్లచక్రాలు నిజంగా గుండ్రంగా ఉండవు. పెడలు తిప్పుతుంటే ఒక చోట చైను బిగుస్తుంది, ఇంకో చోట వదులవుతుంది. మావాడు ముందు చక్రం బోల్టులు కాస్త వదులు చేసి, చైను బాగా బిగిసిన చోట ఆపి, స్క్రూడ్రైవరు పిడితో చైను మీద చిన్నగా కొట్టాడు. చక్రం వెంట్రుకవాసి జరిగింది. మళ్లీ తిప్పి, మళ్లీ కొట్టి, కొద్దిగా బిగించి, మళ్లీ. మసాచుసెట్స్‌లో సైకిలు షాపులో పనిచేస్తూ ఇలాంటి కిటుకులన్నీ రాసిపెట్టిపోయిన షెల్డన్ బ్రౌన్ దగ్గర నేర్చాడట. ఆయన 2008లో పోయాడు. అరగంటకి చైను ఏ చోటా బిగియకుండా, ఏ చోటా వేలాడకుండా తిరిగింది. చప్పుడు లేదు. గ్యారేజీలో ఫ్రిజ్ మోత వినబడింది.

చైను లాగి పెట్టే పని వెనక ఇరుసుది. ఈ ఫ్రేములో ఇరుసు కూర్చునే గాడి వెనక్కి తెరుచుకుని అడ్డంగా ఉంటుంది, అచ్చం మన సైకిళ్లలాగే. ఇరుసుని వెనక్కి లాగి నట్లు బిగిస్తే చైను బిగుస్తుంది. ఇలాంటి గాడిలో మీటతో నొక్కే బిగింపు తొక్కుడు బలానికి జారిపోతుంది. అందుకని బోలు ఇరుసు తీసేసి గట్టి ఇరుసు, నట్లు వేశాడు. కుడివైపు మాత్రం చైను అడ్జస్టరు ఒకటి పెట్టాడు. తెనాలిలో మేము రెండువైపులా పెట్టేవాళ్లం. ఒకటే ఎందుకన్నాను. చైను లాగేది కుడివైపే కదా అన్నాడు. నిజమే కదా!

గేరు లెక్క ఇది. పాత 26 అంగుళాల ఒంటి గేరు వాళ్లు ముందు 32, వెనక 16 వేసుకునేవారు. చక్రం పెరిగితే అదే జత బరువెక్కుతుంది, కాబట్టి పెద్ద చక్రానికి వెనక 18. అప్పుడు పెడలు ఒక చుట్టుకి బండి 4.1 మీటర్లు వెళ్తుంది. నది ఒడ్డున బురదా ఇసకా ఉండే రివర్ బాటమ్స్ దారి చదునే కాబట్టి 18 చాలు. ఈగన్‌లోని లెబనాన్ హిల్స్ అయితే మెరకలూ వేళ్లూ మలుపులే. అక్కడికి 20 కావాలి. చుట్టుకి 3.7 మీటర్లు, కొంచెం ఊపిరి మిగులుతుంది. పెద్ద చక్రం చెట్టు వేరుని సులువుగా ఎక్కుతుందంటారు. నేను కాగితం మీద వేసి చూశాను: 10 సెంటీమీటర్ల వేరుని తాకే కోణంలో తేడా రెండు డిగ్రీలకి కాస్త ఎక్కువ, అంతే. కదిలించడానికి ఆ చక్రం బరువు కూడా. ఒకసారి కదిలాక మాత్రం ఊపు సులువుగా వదలదు, ఒంటి గేరుకి కావలసింది ఆ ఊపే.

శనివారం పొద్దున లెబనాన్ హిల్స్ వెళ్దామన్నాడు. పాత చైను ముక్కని ఇనుప పట్టీకి బిగించి తనే చేసుకున్న పనిముట్టుతో వెనక 18 తీసి 20 ఎక్కించాడు. చైను విప్పలేదు, లింకు కలపలేదు. నేను చక్రం పట్టుకున్నాను. "ఇంకాస్త ముందుకి మావయ్యా." వంగి చూశాను. గాడి పక్కన ఫ్రేము మీద సూదితో గీసిన రెండు సన్నటి గీతలున్నాయి, 18కి ఒకటి, 20కి ఒకటి. మధ్య దూరం 6 మిల్లీమీటర్ల పైచిలుకు. రెండు పళ్లు పెరిగితే చైను అరంగుళం ఎక్కువ తింటుంది, ఇరుసు అందులో సగం ముందుకొస్తుంది. ఆ రెండు గీతలూ గాడిలోపలే పడేట్టు మొదటే చైను నిడివి కత్తిరించుకున్నాడు. ఇరుసు కదిలితే రిమ్ము కదులుతుంది, బ్రేకు ప్యాడు దారి తప్పుతుంది. అందుకని బ్రేకు చేతుల మీద కూడా రెండేసి గీతలున్నాయి. ఇరుసుని రెండో గీతకి చేర్చాను. వాడు నట్లు బిగించి, చైనుని వేలితో మీటి, పెడలు చేత్తో ఒకసారి తిప్పి వదిలాడు.