ముందే రాసిన ముగింపు

అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' (1979) నవలపై వ్యాసం రాయ పూనుకున్నప్పుడు, ఎం.ఏ.లో అలవడిన పద్ధతినే వస్తువు, పాత్రలు, శిల్పం, సందేశం అని నాలుగు గళ్లు గీసుకున్నాను. 'ఇది ప్రజా సాహిత్యం' అన్న ముగింపు ముందే సిద్ధం. నవలలో నేను వెతికింది దానికి సాక్ష్యాలనే.

గోదావరిఖనిలో రాత్రి షిఫ్టు దిగివచ్చిన ఒక కార్మికునికి ఆ ప్రతి చదివి వినిపించాను. ఊరు విడిచి బాయిపనికి వచ్చిన మనిషి. "సారూ, దొర జులుం గురించి రాసిండ్రు. మా మాట గురించి ఒక్క ముక్క లేదు. బాయిల పైకప్పు తట్టి చూసినంకనే కర్ర నిలబెడ్తం. మీరు చూడకముందే నిలబెట్టిండ్రు" అన్నాడు.

నిజమే. నవల వెనుక 1978 నాటి జగిత్యాల జైత్రయాత్ర కాలపు కరీంనగర్ పల్లె ఉంది. దొర ముందు తల వంచిన మనిషి మాట, సంఘంలో నిలబడ్డాక ఎట్లా మారింది? ఈ ప్రశ్నతో నవల మళ్లీ చదివాను. నాలుగు గళ్లూ కొట్టివేశాను.

ప్రణాళిక అక్కరలేదనడం లేదు. అది రచన చదివిన తరువాత పుట్టాలి. రచన మన పక్షానిదని ప్రకటించినంత మాత్రాన విమర్శకుని బాధ్యత తీరదు. అది ఏ మాటతో, ఏ సన్నివేశంతో మన పక్షమైందో చూపాలి. చూపలేని పొగడ్త ఆ రచనకే అన్యాయం.